గుండిగ తాగిన వేడి

గిన్నె వేడెక్కదా అన్న అనుమానం అనంతమ్మకు పంతొమ్మిదేళ్ల నాటిది. పెళ్లయి వనపర్తి నుంచి గద్వాలకు వచ్చినప్పుడు ట్రంకుపెట్టెతో పాటు దాన్నీ తెచ్చుకుంది. పెట్టె తుప్పుపట్టింది గానీ అనుమానం అట్లాగే ఉంది. తొమ్మిదో తరగతి సైన్సు పుస్తకంలో ఒక లెక్క. బాగా కాగిన నీళ్లు ఇన్ని, చల్లటి నీళ్లు ఇన్ని, రెండూ కలిపితే ఆ నీళ్ల వేడి ఎంత? వేడినీళ్లు పోగొట్టుకున్నదీ చల్లనీళ్లు రాబట్టుకున్నదీ సమానం, అది పట్టుకుంటే జవాబు వచ్చేస్తుంది. అంతవరకు బాగానే ఉంది. కానీ లెక్క కింద చిన్న అక్షరాల్లో ఇంకో వాక్యం ఉండేది, పాత్ర గ్రహించిన ఉష్ణమును ఉపేక్షింపుము అని. లేచి నిలబడి అడిగింది. "టీచర్, ఉపేక్షింపుము అంటె ఏంది?" శాంతమ్మ టీచర్ చాక్‌పీసు పట్టుకున్న చేత్తోనే కళ్లద్దాలు పైకి నెట్టుకుంది, ముక్కు మీద తెల్ల గీత పడింది. "ఉన్నదని తెల్సి గూడ లేనట్టు ఉండుడమ్మా." "మరి గిన్నె వేడెక్కుతది గద టీచర్, పట్టుకుంటె చెయ్యి కాలుతది. ఆ వేడి యాడికెల్లి వచ్చింది?" తరగతి అంతా పకపక నవ్వింది. టీచర్ నవ్వలేదు. "గిన్నె ఎంత తాగుతదో నాకు గూడ తెల్వదే. కొలిచేటందుకు మన బడిల సామాను లేదు. నువ్వే కనుక్కొని చెప్పు. ఈ జవాబు నాకు బాకీ ఉన్నవ్, యాదుంచుకో." ఆ వైశాఖంలోనే పెళ్లి అయింది. పదో తరగతి పుస్తకాలు ఎట్లుంటాయో అనంతమ్మ చూడనే లేదు.

పొయ్యిలో కందికట్టె చిట్లింది. నిప్పురవ్వ ఎగిరి కొంగు మీద పడితే అరచేత్తో నలిపేసింది. పొద్దున తొమ్మిదయింది, వాకిట్లో కాగు నీళ్లు ఇంకా మసలలేదు. పక్క పొయ్యి మీద మామ కాలం నాటి రాగి గుండిగ ఖాళీగా కూర్చుంది. "మంట పెట్టి పక్కకు కూసో. నేనొచ్చేదాంక నీళ్లల్ల వేలు గూడ పెట్టకు" అని చెప్పిపోయాడు మొగుడు బాలకిష్టయ్య, నర్సింహులు సావుకారి ఇంటి నుంచి రంగు వేయాల్సిన పట్టు తెచ్చేటందుకు. వేలు కూడా పెట్టకూడదట. ఇన్నేళ్లూ ఈ కాగు ఎత్తింది ఎవరు, దించింది ఎవరు, నీళ్ల హౌజు నుంచి చెంబు చెంబు చొప్పున ముంచిపోసింది ఎవరు, పొగకు కళ్లు ఎర్రబడితే అరచేత్తో తుడుచుకోలేక మోచేత్తో తుడుచుకుంటూ ఊదింది ఎవరు? అన్నీ అనంతమ్మే. వేలు పెట్టేది మాత్రం ఆయన. మరి చెడిపోయిన రెండు రంగులు ఎవరి వేలితో పోయినట్టు?

మొదట పోయింది చిలకపచ్చ. ఆరేసిన చిలప, పట్టు పోగుల చుట్ట, విప్పితే ఒకచోట ముదురు, ఒకచోట లేత, ఆవు నాకిన గోడ లాగా. అంచుకు నేసే పట్టు అది, చీర ఒళ్లంతా నూలైనా కట్టుకున్నవాళ్ల కన్ను పడేది అంచు మీదే. రెండోది ఎరుపు, నాగర్‌కర్నూలులో ఎవరిదో పెళ్లికి. అదీ అట్లాగే అయింది. సావుకారి ఆ చిలపను చేత్తో పట్టుకుని గుమ్మం ముందు నిలబడి, "ఏం బాలకిష్టయ్యా, మీ నాయిన పైన యేడుస్తున్నడు, తెల్సా" అన్నాడు. ఎదురింటి తిరుపతమ్మ కండెలు చుట్టే రాట్నం ఆపింది, వినడానికి. అప్పుడు అన్నాడు బాలకిష్టయ్య, వీధి అంతా వినేటట్టు. "నా చెయ్యి మంచిదే సేటూ. మంట సక్కగ లేదు. ఆడోళ్లకు శాతనైతదా, ఒక్క తీరుగ పెట్టదు." సావుకారి అనంతమ్మ వైపు చూడలేదు, పొయ్యి వైపు చూశాడు. "ఇంకొక్కసారి చూస్త. మూడోది గూడ పోతె మీ గడప మల్ల తొక్కను." తిరుపతమ్మ రాట్నం మళ్లీ తిరిగింది, మెల్లగా. సాయంత్రానికి నల్లా దగ్గర ఆడవాళ్లందరికీ తెలిసిపోయింది, అనంతమ్మ మంటకు పట్టు మాడిందని. ఆ రోజు ఆమె లోపలికి వచ్చి చింతపండు పెట్టి గుండిగ తోమింది, తోమి తోమి అరచేతి తోలు మండేదాకా తోమింది. ఒక్క మాట అనకుండా ఉన్నందుకు ఇవాళ్టికీ తన మీద తనకు కోపం. ఇంకా పాడు సంగతి ఏమంటే, నిజంగా మంట ఎక్కువైందేమో అని తనే అనుకోవడం మొదలుపెట్టింది. దీపం పెడుతున్నప్పుడు కూడా ఒత్తి పెద్దగా అయిందా అని చూసుకునేది.

కాగు అంచున చిన్న బుడగలు వచ్చాయి. ఇంకా టైముంది. పట్టుకు మొదటి నీళ్లే ప్రాణం. గోరువెచ్చకు మించాలి, మసలడానికి చాలా కింద ఉండాలి. ఎక్కువైతే రంగు ఒక్కసారే మీదపడి దొరికిన చోటల్లా కరుచుకుంటుంది. తగినంత ఉంటే పోగు పోగునా మెల్లగా ఎక్కుతుంది, ఆ తర్వాత మంట పెంచుకోవచ్చు. మామ వెంకటస్వామి దీనికి ఒక కొలత పెట్టాడు. నీళ్లలో చెయ్యి ముంచి జమ్ములమ్మ తల్లీ అని మూడుసార్లు అనాలి. రెండోసారి లోపే చెయ్యి లాక్కుంటే వేడి ఎక్కువ. మూడోసారి అనేటప్పటికి లాక్కోవాలనిపిస్తే సరి. నాలుగోసారి కూడా ఉండగలిగితే చల్లన. కొత్త కోడలుగా ఉన్నప్పుడు ఆమె అడిగింది, "మామా, ఒకరు జల్ది జల్ది అంటరు, ఒకరు నిమ్మలంగ అంటరు. మరి కొలత ఎట్ల కుదురుతది?" అని. ముసలాయన కోప్పడలేదు. "చెయ్యి కాలుతున్నప్పుడు అందరు ఒక్క తీరుగనే పిలుస్తరు బిడ్డా అమ్మను" అన్నాడు. ఆ మాటకు ఆమె మంగళవారం మంగళవారం జమ్ములమ్మ గుడికి పోయి దండం పెట్టుకునేది. ఇప్పటికీ పెట్టుకుంటుంది. కానీ నిన్న నిలబడి అడిగింది, గట్టిగా కాదు, పెదాల లోపలే. అమ్మా, నీ పేరు కొలత అయినప్పుడు రెండుసార్లు కొలత ఎట్లా తప్పింది? నువ్వు తప్పవు కదా. నా మంటా తప్పలేదు. అయితే నడుమ ఎవరు తప్పినట్టు? అమ్మవారు పసుపు ముఖంతో చూసింది, అంతే.

ఎవరు తప్పారో తేల్చుకోవాలనే కదా ఇదంతా. రంగు డబ్బా మీద చీమ తల అంత అక్షరాల్లో రాసి ఉంది, యాభై డిగ్రీల దగ్గర పట్టు వేయమని. ఆయన చదవడు, చదివినా డబ్బా వానికి ఏం తెలుసు అంటాడు. ఆమె చదివింది. చదివిన రోజే పుస్తకంలోని లెక్క ఒళ్లంతా పాకింది. మసిలే నీళ్లు నూరు. హౌజు నీళ్లు, ఈ కాలంలో, ఇరవై అయిదు. యాభై కావాలంటే మసిలే నీళ్ల చెంబు ఒక్కటికి హౌజు నీళ్ల చెంబులు రెండు. ఒకటి యాభై మెట్లు దిగుతుంది, రెండూ చెరి ఇరవై అయిదు మెట్లు ఎక్కుతాయి, ఇచ్చిందీ పుచ్చుకున్నదీ సరి. పది చెంబులకు ఇరవై చెంబులు. ఇంత సులువా అనుకుని, పిల్లకు టైఫాయిడ్ వచ్చినప్పుడు కొన్న థర్మామీటరు తీసుకొచ్చి నాలుగు రోజుల కింద ఆ నీళ్లలో ముంచింది. టప్ మని పగిలింది. జ్వరం చూసేదానికి మనిషి జ్వరమే తెలుసు, గుండిగ జ్వరం ఏం తెలుసు! పాదరసం చుక్కలు చుక్కలుగా వాకిలంతా పరుగెత్తింది, అట్టముక్కతో ఒక్కొక్కటీ ఎత్తుతూ తనను తాను తిట్టుకుంది. ఇంత చదివి ఇంత బుద్ధి లేకపోయిందే అని. "జారిపడ్డది" అని చెప్పింది ఆయనకు. ఆయన పట్టించుకోలేదు, చేతుల వైపు చూసుకుంటూ కూర్చున్నాడు.

ఆ రాత్రి కాదు, మర్నాడు పిండి పిసుకుతుంటే తట్టింది. గుండిగ నీళ్లను మనిషి జ్వరం దాకా దింపాలి, అంతే కదా. ఒక గ్లాసు గుండిగ నీళ్లు, ఒక గ్లాసు హౌజు నీళ్లు. యాభైకీ ఇరవై అయిదుకూ నడుమ ముప్పయి ఏడున్నర. జ్వరం భాషలో, అంటే ఫారన్‌హీటులో, తొంభై తొమ్మిదిన్నర. నీళ్లకు కొద్దిగా ఒళ్లు వెచ్చబడినట్టు ఉండాలి, అంతే. పిండి చేత్తోనే లేచి నవ్వింది. ఎవరూ లేరు చూడటానికి. మెడికల్ షాపులో కొత్త థర్మామీటరు కొని పోపుల డబ్బాలో దాచింది.

నీళ్లు మసిలాయి. కాగు మూత దబదబ కొట్టుకుంది. అనంతమ్మ కొంగు బిగించి చెంబుతో ముంచింది. మసిలే నీళ్లు పది. ప్రతి చెంబుకూ గుండిగ లోపల ఒక నిట్టూర్పు, రాగి గోడల మీద చెమట. హౌజు నీళ్లు ఇరవై. కలియబెట్టింది. గ్లాసుకు గ్లాసు కలిపి, థర్మామీటరు విదిలించి ముంచి, పెదాల మీద అమ్మ పేరు లేకుండా, ఒకటి నుంచి అరవై వరకు అంకెలే లెక్కపెట్టింది. తీసి వెలుతురుకు పట్టింది.

తొంభై ఆరు.

మళ్లీ చేసింది. తొంభై ఆరే. అంటే గుండిగలో ఉన్నది నలభై ఆరు. పుస్తకం యాభై అంది, గుండిగ నలభై ఆరు అంటోంది. నాలుగు మెట్లు ఎక్కడ పోయాయి? గుండిగ పొట్ట మీద చెయ్యి పెట్టింది. వెచ్చగా ఉంది. గుండిగ కూర్చున్న మట్టి పొయ్యి అంచూ వెచ్చగా ఉంది. ఇదిగో, ఇక్కడ. అంతసేపూ ఇక్కడే ఉంది, చేతికి తగులుతూనే ఉంది, లెక్కలో మాత్రం లేదు. ఆమెకు కోపం వచ్చింది, ఎవరి మీదనో చెప్పలేని కోపం, ఆ చిన్న అక్షరాల మీద, వాటిని అచ్చువేసినవాళ్ల మీద, నల్లా దగ్గర గుసగుసల మీద. తాగేది తాగుతూనే ఉంటుంది, కాలేది కాలుతూనే ఉంటుంది, పైన కూర్చున్నవాడు ఉపేక్షింపుము అని రాసి పక్క లెక్కకు పోతాడు. రెండేళ్ల కింద బీచుపల్లిలో ఆంజనేయస్వామి దర్శనం లైనులో శాంతమ్మ టీచర్ కనిపించింది, తల ముగ్గుబుట్ట అయింది, పిలిచి మరీ అడిగింది, "అనంతమ్మా, నా బాకీ ఏమైందే?" ఆమె సిగ్గుతో నవ్వి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పిల్లలు ఎంతమంది అని అడుగుతారు అందరూ. జవాబు ఏమైంది అని అడిగింది ఆమె ఒక్కతే.

మసిలే నీళ్లు ఇంకో చెంబు పోసింది. ఇంకో చెంబు. అర చెంబు. కలియబెట్టింది. గ్లాసుకు గ్లాసు. విదిలించింది. ముంచింది. తొంభై తొమ్మిదిన్నర దగ్గర పాదరసం నిలబడింది, సూది మొనలాగా. రెండున్నర చెంబులు. ఈ గుండిగ తాగేది రెండున్నర చెంబుల వేడి. అనంతమ్మ థర్మామీటరు కొంగులో చుట్టి నడుములో దోపుకుంది. తలుపు చప్పుడయింది.

బాలకిష్టయ్య చంకలో పట్టు మూటతో వచ్చాడు. గుండిగ నిండా నీళ్లు చూసి ఆగాడు. "ఎవరు వొయ్యమన్నరే?"

"నేనే వోసిన. చెయ్యి పెట్టి చూడు."

మూట అరుగు మీద పెట్టాడు. ఎప్పుడూ ఆమె పొయ్యి వైపు తిరిగి కట్టెలు సర్దుతుండేది, ఆయన ఆమె వెనక చెయ్యి ముంచేవాడు, పేరు నోట్లోనే అనుకునేవాడు. ఇవాళ ఆమె తిరగలేదు. ఎదురుగా నిలబడి ఆయన పెదాలనే చూసింది. జమ్ములమ్మ తల్లీ. జమ్ములమ్మ తల్లీ. మూడు. నాలుగు. అయిదు. చెయ్యి మణికట్టు దాకా నీళ్లలో ఉంది, కదలలేదు. ఏడు. ఎనిమిది. తొమ్మిది.

"సల్లగుంది. మసిలినయి ఇంకో నాలుగు చెంబులు పొయ్యి."

ఇంకో నాలుగు. పచ్చ రంగప్పుడు ఇదే మాట. ఎరుపప్పుడూ ఇదే మాట. నాలుగు పోసినాక ఇంకో నాలుగు. ఆమె పోసింది, పోసిన చేతులతోనే తిట్లు తిన్నది.

"పొయ్యను" అంది అనంతమ్మ.

"ఏమన్నవ్?"

"పొయ్యను అన్న. తొమ్మిదిసార్లు అన్నవ్ అమ్మ పేరు. నేను లెక్కవెట్టిన."

"నీళ్లు సల్లగుంటె తొమ్మిది గాకపోతె తొంభైసార్లంట. నాకు నేర్పొచ్చినవా?"

"నీ చెయ్యి చూస్కో."

చెయ్యి ఎర్రగా ఉంది, గుండ్రంగా గీత గీసినట్టు మణికట్టు దగ్గర ఆగింది ఎరుపు. బాలకిష్టయ్య దాన్ని వేరేవాళ్ల చెయ్యి చూసినట్టు చూశాడు.

"మోచెయ్యి పెట్టు" అంది.

"సంటిపిల్లకు నీళ్లు వోస్తున్నవా, మోచెయ్యి పెట్ట?"

"పెట్టు అంటున్న."

ఆమె గొంతు అట్లా రావడం ఆయన ఎన్నడూ వినలేదు. వంగి మోచెయ్యి ముంచాడు. జమ్ములమ్మ తల్లీ, జమ్ములమ్మ తల్లీ, జమ్ము... చటుక్కున లాక్కున్నాడు. మూడోది పూర్తి కాలేదు. నీళ్లు కారుతున్న మోచెయ్యి పట్టుకుని అట్లాగే నిలబడ్డాడు.

"ఏమైందక్కా, పట్టు ఏసిన్రా లేదా?" ఎదురింటి నుంచి తిరుపతమ్మ.

"ఏస్తున్నం! నీ కండెలు నువ్వు చూస్కో!" అంది అనంతమ్మ. రాట్నం ఆగిపోయింది. ఆగనీ.

"ఎన్నాళ్ల సంది?" అని మెల్లగా అడిగింది.

"దీపావళి సంది. వేళ్లు మొద్దువారినయి. ముందు గోళ్ల కాడ, తర్వాత..." ఆయన గుండిగ వైపే మాట్లాడాడు. "బస్టాండు గోడ మీద రాసింది సదివిన. స్పర్శ తెల్వకుంటె కుష్టు గావచ్చు అని."

"గది సదివినవ్. సదివి నా మంట మీద జెప్పినవ్."

"మంట అంటె రేపు మంచిగ పెడ్తది అనుకుంటరు. చెయ్యి అంటె ఏమైతది? సావుకారి గాదు, కుక్క గూడ మన ఇంట్లకు రాదు. పిల్ల పెండ్లి ఎట్ల అయితది?"

అంటే తెలుసు. ఆమె మంట బాగానే ఉందని ఈ మనిషికి మొదటి నుంచీ తెలుసు. ఆమె రాత్రిళ్లు ఒత్తి చూసుకున్నప్పుడు పక్కనే పడుకున్న ఈయనకు తెలుసు. ఉన్నదని తెలిసి కూడా లేనట్టు ఉండుడమ్మా, అంది టీచర్, ముక్కు మీద చాక్‌పీసు గీతతో. అనంతమ్మ ఆ ఎర్రటి చెయ్యి చూసింది. పద్నాలుగేళ్ల వయసు నుంచీ ఉడుకునీళ్లలో ఉన్న చెయ్యి. జాలి వచ్చింది. కోపం పోలేదు. నీళ్లయితే కలిసి నడిమికి వస్తాయి, ఇవి రెండూ కలవలేదు, పక్కపక్కనే నిలబడ్డాయి, ఒకటి కాలుతూ, ఒకటి చల్లగా.

"గోడ మీద కింది లైను సదవలేదా? మందులు ఊకెనే ఇస్తరు, తక్కువైతది అని రాసుంది. అది గాకుంటె షుగరో ఇంకోటో. రేపు పొద్దున దవాఖానకు పోతున్నం." పట్టు మూట విప్పింది. "నీళ్లు ఇగ నేను చూస్త. చిలపలు నువ్వు తిప్పు, కట్టె పట్టనీకి నీ చేతులు మంచిగనే ఉన్నయి."

"ఎంత కలిపినవే?" అన్నాడు, గుండిగ వైపు చూస్తూ.

"పన్నెండున్నరకు ఇరవై. బడి పుస్తకంల లెక్క పట్టుకొని కలిపిన."

"పుస్తకంల అట్లనే ఉన్నదా?"

"లేదు. పుస్తకంల పదికి ఇరవై. రెండున్నర గుండిగది."

గుండిగలో రంగు కలిపి, తడిపిన చిలపలు వెదురు కట్టెల మీద వేలాడదీసి దింపారు. వంకాయ రంగు. బాలకిష్టయ్య తిప్పుతున్నాడు, ఆమె గుండిగ కింద మంట పెట్టి, ఒక్కొక్క కట్టె ఎగదోస్తూ పెంచింది. గంట గడిచాక ఒక చిలప ఎత్తి, పిండి, ఎండకు విప్పింది. ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒకే రంగు, కొత్తగా కోసిన వంకాయ తొక్క లాగా. గుండిగలో నీళ్లు తేటబడ్డాయి, రంగంతా పట్టులోకి పోయింది. బాలకిష్టయ్య దాని వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు. ఆమె ఎదురింటి వైపు చూసింది. చూస్తూనే ఉంది, ఆయనకు అర్థమయ్యేదాకా.

ఆయన గుమ్మంలోకి వెళ్లాడు. "తిరుపతమ్మా."

"ఏందన్నా?"

"మంట... మంట ఎప్పుడు మంచిగనే ఉండె. మంచిగ లేంది నా చెయ్యి. సావుకారికి గూడ ఇదే చెప్త పోయి."

ఈ మాట నల్లా దగ్గరికి ఎంతసేపట్లో చేరుతుందో అనంతమ్మకు తెలుసు. చేరనీ. ఆయన లోపలికి వచ్చి ఏదో అనబోతే, "ఇప్పుడు ఏం అనకు" అంది. కోపం ఇంకా ఉంది, ఇంకా కొన్నాళ్లు ఉంటుంది, ఆయన తీర్చింది ఒక చెంబో రెండు చెంబులో, అంతే.

దేవుని గూట్లో క్యాలెండరు వెనక ఒక పోస్టు కార్డు ఉంది, చెల్లెలికి రాయాలని కొన్నది. నుదుటికి అద్దుకుని తీసింది. పిల్ల పెన్ను వెతికి, వాకిట్లో గుండిగ పక్కనే కూర్చుని, వంకాయ రంగు అంటిన వేళ్లతో రాసింది.

శాంతమ్మ టీచర్ గారికి నమస్కారాలు. మా రాగి గుండిగ, దాని కింది పొయ్యి కలిసి రెండున్నర చెంబుల మసిలే నీళ్ల వేడి తాగుతాయి. రెండుసార్లు చూశాను. ఉపేక్షించకూడదు. మీ బాకీ తీరింది. ఆలస్యమైనందుకు మన్నించండి.

అనంతమ్మ, తొమ్మిదో తరగతి.